పారిస్‌లో ఒక నిషిద్ధాక్షరి

1969లో పారిస్‌లో ఒక నవల వచ్చింది. మూడొందల పేజీలు. ఆంటన్ వాయిల్ అనే మనిషికి రాత్రిళ్ళు నిద్ర పట్టదు. ఏదో లోటుగా ఉందనిపిస్తుంది కానీ అదేమిటో చేతికి చిక్కదు. కొన్నాళ్ళకి మనిషే కనబడకుండా పోతాడు. స్నేహితులు వెతకడం మొదలుపెడతారు. ఆ రహస్యం అంచుల దాకా వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే చనిపోతుంటారు. నవల పేరు ‘లా దిస్పరిసియోఁ’. కనబడకుండా పోవడం అని అర్థం. దాన్ని సాంతం చదివి, సమీక్ష కూడా రాసి, అసలు సంగతి మాత్రం పట్టుకోలేకపోయిన పెద్దమనిషి గురించి అక్కడి సాహిత్య బృందాల్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు.

అసలు సంగతేమిటంటే, ఆ నవలలో ఒక అక్షరం లేదు. ఏ, బీ, సీ, డీల తర్వాత వచ్చే ‘ఈ’. ఫ్రెంచి రాతలో అన్నిటికంటే ఎక్కువసార్లు పడే అక్షరం అదే. మొదటి మాట నుంచి చివరి మాట దాకా అది ఎక్కడా లేదు. అట్ట మీద రచయిత పేరులో మాత్రం నాలుగుసార్లు ఉంది. జార్జ్ పెరెక్ అనే ఆ పేరుని, సొంత నవలలో తానే రాసుకోలేడన్నమాట. అధ్యాయాల లెక్క రోమన్ అక్షరాలకి మల్లే ఇరవై ఆరు దాకా పోతుంది. కానీ నాలుగో అధ్యాయం తర్వాత ఆరోది వస్తుంది. అయిదోది లేదు.

అవధానం చూసినవాళ్ళకి ఇదేమీ వింత కాదు. నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు అవధాని పక్కనే కాచుకుని కూర్చుంటాడు. అవధాని ఒక అక్షరం పలకగానే, తర్వాత ఏది రాబోతోందో పసిగట్టి అది కూడదంటాడు. అవధాని ఇంకో దారి వెతుక్కుంటాడు. ఆ దారీ మూసేస్తాడు. పద్యం అలా సందులు గొందులు తిరిగి, చివరికి ఎలాగో ఇల్లు చేరుతుంది. సభ చప్పట్లు కొడుతుంది. పెరెక్ చేసింది దాదాపు ఇదే. తేడా అల్లా ఒకటి: ఇక్కడ పృచ్ఛకుడూ తనే, అవధానీ తనే, నిషేధించిందల్లా ఒకే ఒక్క అక్షరం. అదైనా మూడొందల పేజీల పొడుగునా.

ఈ పని ఎంత కష్టమో తెలియాలంటే తెలుగులో ‘న’ తీసేసి రాసి చూడండి. ‘వాడు ఊరు విడిచి వెళ్ళాడు. తలుపుకి తాళం వేసి ఉంది. పిల్లి అరుగు మీద పడుకుంది.’ ఇక్కడిదాకా ఫరవాలేదు, బండి నడుస్తుంది. ఇప్పుడు ఆ ఇంటి గురించి సొంత మనిషిలా చెప్పాలనుకోండి. ‘నేను’ లేదు. ‘నా’ లేదు. వచ్చాను, చూశాను, ఏడ్చాను, ఏదీ కుదరదు. ఉత్తమ పురుష ఏకవచనంలో క్రియే ఉండదు. ‘నాన్న’ అసలే లేడు. పోనీ ‘న’ ఉంచుకుని ‘మ’ వదిలేద్దామంటే అమ్మ పోతుంది, మనం కూడా పోతాం. ఫ్రెంచిలో ‘ఈ’ తీసేసినా జరిగేది అదే. ‘నేను’ అనే మాట ఉండదు, తండ్రి, తల్లి, తల్లిదండ్రులు అనే మాటలేవీ ఉండవు.

మన చిత్రకవులు ఈ తోవలో చాలా దూరం నడిచారు. 16వ శతాబ్దంలో, కుతుబ్‌షాహీల ఏలుబడిలో, మరింగంటి సింగరాచార్యులు రామకథ మొత్తాన్ని పెదవులు తగలకుండా రాశాడు. నిరోష్ఠ్య కావ్యం. రాముడి కథే, కానీ ‘రాముడు’ అనడానికి వీల్లేదు, ‘మ’ అడ్డం. అందుకే కావ్యం పేరు ‘దశరథరాజనందన చరిత్ర’. ఒకసారి పైకి చదివి చూడండి, పెదవులు ఎక్కడా కలవవు. అంతకు ముందే సంస్కృతంలో దండి ‘దశకుమార చరితం’లో ఒక ఉచ్ఛ్వాసం అంతా ఇలాగే నడిపాడు. అయితే దండి దానికి కథలోనే ఒక కారణం పెట్టాడు. ఆ కథ చెప్పే మంత్రగుప్తుడి పెదవి ప్రియురాలి పంటిగాటుకి నొప్పెడుతోంది. పెదవి కదిపితే బాధ. అందుకని పెదవులతో పని లేని అక్షరాలతోనే కథంతా చెప్పుకొస్తాడు.

నియమం ఉత్త గారడీ కాదు, గాయం ఉన్నచోట నోరు తిరిగే తీరు అది. ఈ మాట నాకు దండి దగ్గర అర్థమైందాని కంటే పెరెక్ దగ్గర ఎక్కువ అర్థమైంది.

సెలూన్ ఉన్న వీధి

పెరెక్ 1936 మార్చి 7న పారిస్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు పోలండ్ నుంచి వలస వచ్చిన యూదులు. తండ్రి ఇసెక్ జుడ్కో, తల్లి సిర్లా. ఫ్రెంచివాళ్ళ నోట్లో ఆమె పేరు సెసిల్ అయింది. పోలండ్‌లో ‘పెరెట్స్’ అని పలికే ఇంటిపేరుని ఇక్కడివాళ్ళు స్పెల్లింగు చూసి ‘పెరెక్’ అని చదివారు, అదే స్థిరపడిపోయింది. కూలీనాలీ చేసుకునేవాళ్ళూ, చిన్న వృత్తుల వాళ్ళూ బతికే బెల్‌విల్ పేట. అక్కడ ర్యూ విలాఁ అనే మెలికల వీధి. అందులో 24వ నంబరు ఇల్లు, కింద తల్లి నడుపుకునే ఆడవాళ్ళ సెలూన్.

యుద్ధం రాగానే తండ్రి, విదేశీయుడై ఉండి కూడా, ఫ్రాన్స్ తరఫున సైన్యంలో చేరాడు. 1940 జూన్ 14న పారిస్ జర్మన్ల చేతికి చిక్కింది. 16న ఆయన గాయాలతో చనిపోయాడు. పిల్లాడికి నాలుగేళ్ళు.

ఆ తర్వాత అయిదారేళ్ళ వయసులో తల్లి వాణ్ణి గార్ ద లియోఁ రైల్వే స్టేషన్‌కి తీసుకెళ్ళింది. గ్రెనోబుల్ దగ్గరి కొండల్లో విలార్-ద-లాన్స్ అనే ఊళ్ళో మేనత్త వాళ్ళున్నారు. రెడ్‌క్రాస్ వాళ్ళు పిల్లల్ని అటు పంపుతున్నారు. రైలెక్కించే ముందు తల్లి ఒక బొమ్మల పుస్తకం కొనిచ్చింది. అట్ట మీద చార్లీ చాప్లిన్ పారాచూట్ కట్టుకుని దిగుతున్నాడు. పెరెక్‌కి తల్లి గురించి గట్టిగా గుర్తున్నది అదొక్కటే. అప్పుడు తన చెయ్యి మెడకి కట్టిన కట్టులో ఉందని కూడా గుర్తు. తీరా పెద్దయ్యాక మేనత్తని అడిగితే, చేతికి ఏ దెబ్బా తగల్లేదందట. ఉన్న ఒక్క జ్ఞాపకంలోనూ సగం కల్పితం. పోగొట్టుకున్నవాడు దాన్ని ఎన్నిసార్లు తిప్పితిప్పి చూసుకుని ఉంటాడో కదా!

1943 జనవరిలో తల్లిని పట్టుకుని పారిస్ పక్కనే ద్రాన్సీలో ఉన్న నిర్బంధ శిబిరంలో పెట్టారు. ఫిబ్రవరి 11న ఔష్విత్జ్ వెళ్ళే రైలెక్కించారు. అంతే. తర్వాత ఆమె గురించి ఒక్క కాగితం ముక్క లేదు. శవం లేదు, తేదీ లేదు, సమాధి లేదు. యుద్ధం ముగిశాక, 1947లో, ఫ్రెంచి ప్రభుత్వం కొడుక్కి ఒక ధ్రువపత్రం ఇచ్చింది. చనిపోయిందని చెప్పడానికి ఆధారం లేదు కనక అది మరణ ధ్రువపత్రం కాదు. ‘కనబడకుండా పోయిన’ ధ్రువపత్రం. ఫ్రెంచిలో ‘ఆక్త్ ద దిస్పరిసియోఁ’. ఇరవై రెండేళ్ళ తర్వాత ఆ కొడుకు నవల రాసి, దానికి ‘లా దిస్పరిసియోఁ’ అని పేరు పెట్టాడు.

1958లో ఇంకో ఉత్తర్వు వచ్చింది. ఆమె 1943 ఫిబ్రవరి 11న ద్రాన్సీలో మరణించినట్టు పరిగణించాలట. రైలెక్కిన రోజే మరణించిన రోజు! రికార్డు ఆగిపోయిన చోటే బతుకు కూడా ఆగిపోయిందనుకోవడం ఆఫీసులకి సులువు.

కార్డుల గుమస్తా

పిల్లాణ్ణి మేనత్త ఎస్తేర్, ఆమె భర్త దావిద్ పెంచారు. దావిద్ ముత్యాల వర్తకుడు. యుద్ధం తర్వాత పారిస్‌లో మంచి పేటలో ఇల్లు, చదువు, దేనికీ కొదవ లేదు. కానీ పదమూడేళ్ళకే కుర్రాణ్ణి మానసిక వైద్యుల దగ్గరకి తీసుకెళ్ళాల్సి వచ్చింది. తర్వాత కూడా రెండుసార్లు పెరెక్ ఆ సోఫా మీద పడుకున్నాడు. సోర్బాన్‌లో చరిత్ర చదువుదామని చేరి మానేశాడు. తప్పనిసరి సైనిక సేవకి పిలుపొచ్చినప్పుడు చేరిన దళం ఏదనుకున్నారు? పారాచూట్ దళం. విమానం గుమ్మంలో నిలబడి దూకేముందు ఆ బొమ్మల పుస్తకం అట్ట గుర్తొచ్చిందని తర్వాత ఆయనే రాసుకున్నాడు.

1960లో పొలెత్‌ని పెళ్ళి చేసుకున్నాడు. ఆమెకి ట్యునీషియాలోని స్ఫాక్స్‌లో పంతులమ్మ ఉద్యోగం వస్తే ఓ ఏడాది అక్కడున్నారు. తిరిగొచ్చాక పెరెక్ ఒక ఉద్యోగంలో చేరాడు. మెదడు, నరాల మీద పరిశోధన చేసే ప్రభుత్వ ప్రయోగశాలలో డాక్యుమెంటలిస్టు. వచ్చే పరిశోధన పత్రాలన్నీ చదివి, విషయాలవారీగా కార్డులకెక్కించి, ఎవరు ఏది అడిగినా తీసి ఇవ్వడం. జీతం తక్కువ. ఈ ఉద్యోగం 1978 దాకా చేశాడు. అంటే, ఈ వ్యాసంలో మనం చెప్పుకుంటున్న పుస్తకాలు దాదాపు అన్నీ ఆఫీసుకి వెళ్ళొస్తూ రాసినవే. కార్డుల పెట్టెల మధ్య గడిపిన మనిషి కాబట్టే ప్రపంచాన్ని జాబితాలుగా చూశాడని కొందరంటారు. నాకు తిరగేసి చెప్పాలనిపిస్తుంది. ఏదీ పారేయకూడదనే మనిషి కాబట్టే ఆ ఉద్యోగంలో అన్నేళ్ళు ఇమిడాడు.

1974లో ఆ అలవాటునే ఎగతాళి చేస్తూ ఇంగ్లీషులో ఒక దొంగ పరిశోధన పత్రం కూడా రాశాడు. గాయనీమణుల మీదికి టమాటాలు విసిరితే వాళ్ళు పెట్టే కేకలకీ మెదడులోని భాగాలకీ ఉన్న సంబంధం గురించి. గ్రాఫులు, పట్టికలు, పాదసూచికలు, అన్నీ ఉన్నాయి. పరిశోధన పత్రాలు చదివే అలవాటున్నవాళ్ళు దాన్ని బస్సులో చదవకపోవడమే మంచిది.

పేరొచ్చింది మాత్రం 1965లో. మొదట అచ్చయిన నవల ‘లె షోజ్’, అంటే వస్తువులు. జెరోమ్, సిల్వీ అని ఓ కుర్ర జంట. సబ్బుల గురించీ, సూపుల గురించీ జనాన్ని ప్రశ్నలడిగి సర్వే చేసే ఉద్యోగం. పెరెక్ దంపతులు కూడా కొన్నాళ్ళు చేసిన పనే అది. వాళ్ళకి కావలసినవి తోలు సోఫా, పాత మ్యాపులు, మంచి బూట్లు. ప్రేమ గురించి పెద్దగా మాటల్లేవు కానీ ఇంటి సామాను గురించి పేజీలకి పేజీలు. ఈఎంఐల కాలంలో చదివితే, అరవై ఏళ్ళ కిందటి పుస్తకమంటే నమ్మబుద్ధి కాదు. దానికి రెనొదో బహుమతి వచ్చింది. రచయిత వయసు ఇరవై తొమ్మిది. అలాంటివే ఇంకో రెండు రాసుంటే హాయిగా గడిచిపోయేది. రాయలేదు. జీవితంలో ఏ రెండు పుస్తకాలూ ఒకేలా రాయకూడదన్నది ఆయన పట్టుదల.

ఎలుకలు కట్టుకున్న చిక్కుదారి

1960 నవంబర్‌లో పారిస్‌లో రెమోన్ కెనో అనే రచయితా, ఫ్రాన్స్వా లె లియొనే అనే లెక్కల ప్రియుడూ కలిసి ఒక చిన్న మండలి పెట్టారు. పేరు ఉలిపో. రచనకి కొత్త నియమాలు కనిపెట్టడం, పాతవాటిని తవ్వి తీయడం వాళ్ళ పని. కొందరు రచయితలు, కొందరు గణితశాస్త్రవేత్తలు. తమని తాము, తప్పించుకోవడానికి తామే చిక్కుదారి కట్టుకునే ఎలుకలతో పోల్చుకునేవాళ్ళు. 1967లో పెరెక్ అందులో చేరాడు. చేపకి చెరువు దొరికింది.

ఆ ఉత్సాహంలో ఏమేం చేశాడో చెబుతూ పోతే అనుబంధం పేజీలన్నీ అయిపోతాయి. ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకేలా వచ్చే అయిదు వేల పైచిలుకు అక్షరాల రచన ఒకటి. ‘లా దిస్పరిసియోఁ’లో వాడకుండా మిగిలిపోయిన ‘ఈ’లన్నిటికీ న్యాయం చేస్తానన్నట్టు, అచ్చుల్లో ‘ఈ’ తప్ప ఇంకోటి లేకుండా 1972లో ఇంకో చిన్న నవల. ఇది మాత్రం, నిజం చెప్పాలంటే, చదవడం ప్రాణసంకటం. స్పెల్లింగులు కూడా విరిచేశాడు. అసలు దాని పేరులోనే తప్పు ఉంది. కసరత్తు కోసం చేసిన కసరత్తులూ పెరెక్ ఖాతాలో లేకపోలేదు.

1976 నుంచి ‘లె ప్వాఁ’ వారపత్రికకి గళ్ళనుడికట్టు కూడా ఆయనే కూర్చేవాడు. మీరు ఈ పేజీలు పక్కన పెట్టి పెన్సిలు పట్టుకుని కూర్చునే ఆ గళ్ళ వెనక అంత రచయిత ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

కానీ ‘ఈ’ లేని నవల కసరత్తు కాదని చెప్పే పుస్తకం 1975లో వచ్చింది. ‘డబ్ల్యూ, లేదా బాల్యస్మృతి’. దాన్ని ఒక అక్షరానికి అంకితమిచ్చాడు. ఆ అక్షరం ‘ఈ’. ఫ్రెంచిలో ఆ అక్షరం పేరూ, ‘వాళ్ళు’ అనే అర్థమిచ్చే మాటా చెవికి ఒకేలా వినిపిస్తాయి. తీసేసిన అక్షరం ఎవరో అప్పటికి గానీ చాలామందికి తట్టలేదు.

ఆ పుస్తకంలో ఒక అధ్యాయం కల్పన, ఒక అధ్యాయం జ్ఞాపకం. జ్ఞాపకాల అధ్యాయాల్లో పెరెక్ తనకి బాల్యస్మృతులేమీ లేవని మొదలుపెడతాడు. తల్లిదండ్రుల పాత ఫొటోలు ముందేసుకుని, కోటు గుండీ, టోపీ, నిలబడిన తీరు, ఏదీ వదలకుండా వర్ణిస్తాడు. వెంటనే కింద సూచికలు ఇచ్చి, ఇది తప్పు, అది నేను ఊహించింది, ఇది ఎవరో చెప్పగా విన్నది అని తన రాతని తనే కొట్టేసుకుంటూ పోతాడు. కల్పన అధ్యాయాల్లో దక్షిణ అమెరికా కొసన ‘డబ్ల్యూ’ అనే ద్వీపం. అక్కడ జీవితమంతా ఆటల పోటీలే. పదమూడేళ్ళ వయసులో తను అల్లుకున్న కథ అది. మొదట్లో చదువుతుంటే ఒలింపిక్స్ ఊరిలా ఉంటుంది. పేజీలు తిరిగే కొద్దీ ఓడినవాడికి తిండి పెట్టకపోవడం, నియమాలు ఎప్పుడు పడితే అప్పుడు మారిపోవడం, చారల బట్టలు… ఆ ఆటస్థలం ఏమిటో పాఠకుడికి తెలిసివచ్చేసరికి గొంతు ఆరిపోతుంది. తల్లి గురించి తిన్నగా ఆయన రాసింది కొద్ది పేజీలే. మిగతాది ఈ ద్వీపం చెబుతుంది. మొహం చూడలేనివాడు నీడని కొలిచినట్టు.

వంద గదుల ఇల్లు, ఇద్దరు మనవాళ్ళు

1978లో వచ్చిన ‘లా వీ మోద్ దాంప్లువా’ ఆయన రాసిన వాటిల్లో పెద్దది. కొత్త మిక్సీ కొంటే డబ్బాలో వచ్చే కాగితం ఉంటుందే, ఎలా వాడాలో చెప్పేది, అలాంటిది జీవితానికి. దానికి మెదిసిస్ బహుమతి వచ్చింది. అది వచ్చాకే ప్రయోగశాల ఉద్యోగానికి దండం పెట్టాడు.

పారిస్‌లో ఒక అపార్టుమెంటు. అలాంటి వీధి పారిస్‌లో లేదు, పెరెక్ కట్టిందే. ముందు గోడ ఊడదీసి, గదులన్నీ ఒకేసారి కనబడేలా చేస్తే ఎలా ఉంటుందో అలా. నిలువున పది, అడ్డంగా పది, మొత్తం వంద గళ్ళు. 1975 జూన్ 23, రాత్రి ఎనిమిది కావస్తోంది. ఆ ఒక్క క్షణంలో ఏ గదిలో ఎవరున్నారు, గోడకి ఏం వేలాడుతోంది, ఆ వస్తువు వాళ్ళింటికి ఎలా వచ్చింది, ఒక్కో గదికి ఒక్కో అధ్యాయం. ఒక గది నుంచి ఇంకో గదికి చదరంగంలో గుర్రం నడిచినట్టు నడుస్తుంది కథ. వచ్చిన గడికి మళ్ళీ రాకుండా. 9వ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు రుద్రటుడి దగ్గర, ఆ తర్వాత వేదాంత దేశికుల ‘పాదుకా సహస్రం’లో ఇలా గుర్రపు నడకతో చదివే శ్లోకాలున్నాయి. పద్యాన్ని నడిపిన గుర్రం ఇక్కడ అపార్టుమెంటు మెట్లెక్కిందన్నమాట.

ఇంకో లెక్క కూడా ఉంది. ఏ గదిలో ఏ వస్తువు, ఏ రంగు, ఏ తిండి, ఏ పుస్తకం రావాలో నిర్ణయించడానికి పెరెక్ గ్రీక్-లాటిన్ చదరాలు వాడాడు. చిన్న ఉదాహరణ చెబుతాను. మూడు రకాల చొక్కాలు, మూడు రకాల పంచెలు. తొమ్మిదిమందిని మూడు వరసల్లో నిలబెట్టాలి. ఏ వరసలో చూసినా, నిలువునా అడ్డంగా, ఒక చొక్కా ఒక్కసారే రావాలి, ఒక పంచె ఒక్కసారే రావాలి. ఏ ఇద్దరికీ అదే చొక్కా అదే పంచె జత ఉండకూడదు. మూడుకి కుదురుతుంది, నాలుగుకి, అయిదుకి కుదురుతుంది. ఆరుకి కుదరదు. పదికీ కుదరదని 18వ శతాబ్దంలో ఆయిలర్ అనుకున్నాడు. ఆయిలర్ అంతటివాడు అన్నాక కాదనే ధైర్యం ఎవరికి? దాదాపు 177 ఏళ్ళు ఆ మాటే నిలిచింది.

1959లో దాన్ని తప్పని తేల్చినవాళ్ళు ముగ్గురు. ఆర్.సి. బోస్, ఎస్.ఎస్. శ్రీఖండే, ఇ.టి. పార్కర్. మొదటి ఇద్దరూ మనవాళ్ళు. బోస్ కలకత్తా భారత గణాంక సంస్థలో మహలనోబిస్ దగ్గర పనిచేసి అమెరికా వెళ్ళినవాడు. శ్రీఖండే మధ్యప్రదేశ్‌లోని సాగర్‌లో పుట్టి, నూట రెండేళ్ళు బతికి, 2020లో పోయాడు. ఆయిలర్ మాట తప్పని తేలిన వార్త న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో వచ్చింది. ఆ పది-పది చదరాన్ని ఉలిపోలోని గణితవేత్త క్లోద్ బెర్జ్ పెరెక్ ముందు పెట్టాడు. ఆయిలర్ మాటే నిజమై ఉంటే ఆ అపార్టుమెంటుకి ఆ ప్లాన్ కుదిరేది కాదు. బోస్, శ్రీఖండేల పేర్లు సాహిత్య వ్యాసాల్లో ఎక్కడో గానీ కనబడవు, అందుకే ఇంతసేపు చెప్పాను.

ఇంతా చేసి, వంద గళ్ళ ఇంట్లో అధ్యాయాలు తొంభై తొమ్మిదే. కింద మూల ఉన్న ఒక గది లేదు. ఎందుకు లేదంటే, కథలో ఒక బొమ్మ మీద ఓ చిన్నపిల్ల బిస్కెట్టు మూల కొరుకుతూ ఉంటుంది. అదీ కారణం! అన్నీ సరిగ్గా అమర్చిన చదరంలో కావాలని ఒక మూల విరగ్గొట్టడం పెరెక్‌కి ఇష్టం.

ఆ ఇంట్లోనే బార్ట్‌ల్‌బూత్ అనే కోటీశ్వరుడుంటాడు. చేయడానికేమీ లేనంత డబ్బు. అందుకని బతుకంతటికీ ఒక ప్రణాళిక వేసుకుంటాడు. పదేళ్ళు నీటిరంగుల చిత్రాలు వేయడం నేర్చుకుంటాడు. ఇరవయ్యేళ్ళు ప్రపంచమంతా తిరిగి అయిదొందల రేవుల బొమ్మలు గీస్తాడు. ఒక్కో బొమ్మా పారిస్‌కి పోస్టులో పంపితే, గాస్పార్ వింక్లర్ అనే పనివాడు దాన్ని చెక్కకి అంటించి 750 ముక్కలుగా కోసి పజిల్ చేస్తాడు. తర్వాత ఇరవయ్యేళ్ళూ బార్ట్‌ల్‌బూత్ కూర్చుని ఆ పజిళ్ళు ఒక్కొక్కటే అమరుస్తాడు. అమర్చిన బొమ్మని చెక్క నుంచి ఊడదీసి, గీసిన రేవుకే తీసుకెళ్ళి, రంగు వెలిసిపోయేదాకా నీళ్ళలో ముంచుతారు. తెల్ల కాగితం తిరిగి వస్తుంది. యాభై ఏళ్ళ కష్టం, చివరికి శేషం సున్నా. ఒక వినాయక నిమజ్జనం చూసినవాడికి ఇది పిచ్చిగా అనిపించకపోవచ్చు.

ప్రణాళిక పూర్తి కాదు. చూపు పోతుంది. ఆ జూన్ 23 రాత్రి, 439వ పజిల్ ముందు బార్ట్‌ల్‌బూత్ చనిపోయి ఉంటాడు. ఒక్క ముక్క మిగిలింది. ఖాళీ ‘ఎక్స్’ ఆకారంలో ఉంది. చేతిలోని ముక్క ‘డబ్ల్యూ’ ఆకారంలో ఉంది.

బస్సులు, పావురాలు

రైలు పట్టాలు తప్పితే తప్ప పత్రికలకి రైలు ఉన్నట్టే తెలియదని పెరెక్‌కి ఫిర్యాదు. రోజూ సమయానికి వచ్చి వెళ్ళే రైలు సంగతేమిటి? తినడానికి వాడే చెంచా, పడుకునే మంచం, ఎక్కే మెట్టు, వీటి గురించి ఎవరు రాస్తారు? పత్రికలో పనిచేసే నాలాంటివాళ్ళకి ఇది కొంచెం గుచ్చుకునే ప్రశ్నే.

1974 అక్టోబర్ 18న ఆయన పారిస్‌లో సాఁ-సుల్పీస్ అనే కూడలికి వెళ్ళాడు. చర్చి, ఫౌంటెన్, పోలీసు ఠాణా, సినిమా హాలు, వీటి గురించి అందరూ రాసేశారు, నేను మిగతాది రాస్తానన్నాడు. కాఫీ హోటళ్ళలో మార్చి మార్చి కూర్చుని మూడు రోజులు కనబడిందల్లా రాసుకున్నాడు. 63వ నంబరు బస్సు. 96వ నంబరు బస్సు, సగం నిండింది. సంచి పట్టుకున్న ముసలామె. ఒక్కసారిగా లేచిన పావురాలు. ఆకుపచ్చ కారు. మళ్ళీ 63. వింటే ఇంతేనా అనిపిస్తుంది. అరవై పేజీల ఆ చిన్న పుస్తకం చదువుతుంటే మాత్రం ఎక్కడో ఒకచోట గుండె పట్టేస్తుంది. ఎవరూ రాసుకోకపోతే మనుషులు ఎంత తేలిగ్గా మాయమైపోతారో తెలిసిన వాడి చేతిరాత అది.

1978 నాటి ‘జ్ మ సువియాఁ’ (నాకు గుర్తుంది) కూడా ఆ వరసలోదే. 480 జ్ఞాపకాలు, అన్నీ ఒకటి రెండు వాక్యాలు. సొంత దుఃఖాలేవీ లేవు. పాత మెట్రో టికెట్లు, ప్రకటనల నినాదాలు, సైకిల్ పందేల వీరులు, తన ఈడువాళ్ళందరికీ తెలిసినవే. పుస్తకం చివర కొన్ని తెల్ల పేజీలు వదలమని ప్రచురణకర్తని అడిగి మరీ వదిలించాడు, చదివినవాళ్ళు తమవి రాసుకోవడానికి.

1981లో ఆస్ట్రేలియాలోని ఒక విశ్వవిద్యాలయానికి అతిథి రచయితగా వెళ్ళాడు. అక్కడ ‘53 రోజులు’ అనే డిటెక్టివ్ నవల రాస్తున్నాడు. ఫ్రెంచి నవలాకారుడు స్టెందాల్ ఒక పెద్ద నవలని యాభై మూడు రోజుల్లో ముగించాడని ఆ పేరు. ఇది మాత్రం పూర్తి కాలేదు. సిగరెట్ చేతిలోంచి దిగని మనిషి. ఊపిరితిత్తుల కాన్సర్‌తో 1982 మార్చి 3న పోయాడు. నాలుగు రోజులాగితే నలభై ఆరు నిండేవి. ఆ ఏడాదే కనుగొన్న ఒక గ్రహశకలానికి ఆయన పేరు పెట్టారు.

1969లో పెరెక్ ఒక పని పెట్టుకున్నాడు. పారిస్‌లో తనతో ముడిపడిన పన్నెండు చోట్లు ఎంచుకుని, పన్నెండేళ్ళ పాటు ఏటా ఒక్కో చోటికీ వెళ్ళి ఉన్నది ఉన్నట్టు రాయడం. మధ్యలో మానేశాడు. ఆ కాగితాలు 2022లో పుస్తకంగా వచ్చాయి. ఆ పన్నెండింట్లో ర్యూ విలాఁ ఒకటి. అక్కడికి 1969 నుంచి 1975 దాకా ఆరుసార్లు వెళ్ళాడు. వీధి మొదటి నంబరు నుంచి మొదలుపెట్టి, ఏ ఇంటికి ఏ కొట్టు, ఏ తలుపు మూసేశారు, ఏ కిటికీకి ఇటుకలు కట్టేశారు, మునిసిపాలిటీ వాళ్ళు ఏ గోడ పడగొట్టారు, అన్నీ రాసుకుంటూ నడిచాడు. పేట పాతబడిపోయిందని ప్రభుత్వం ఆ ఇళ్ళు ఒక్కొక్కటిగా తీసేస్తోంది. ప్రతిసారీ రాయాల్సింది తగ్గుతూ వచ్చింది. 24వ నంబరు దగ్గర కూడా మిగతా ఇళ్ళ దగ్గర ఆగినంతసేపే ఆగినట్టు, తాను ఉన్నది ఆ ఇంట్లోనని ఒక్క ముక్క రాసి ముందుకి కదులుతాడు.

ఇప్పుడు అక్కడ బెల్‌విల్ పార్కు ఉంది. ఆ ఇల్లు లేదు. ఆయన తిరిగిన రోజుల్లో మాత్రం గోడ మీద తల్లి సెలూన్ నాటి రంగు అక్షరాలు వెలిసిపోయి ఇంకా కనబడుతుండేవి. ‘క్వాఫ్యూర్ దామ్’. ఆడవాళ్ళకి జుట్టు కత్తిరింపు అని. ఫ్రెంచిలో రాస్తే ఆ రెండు మాటల్లోనూ ‘ఈ’ ఉంటుంది.